హాస్టల్లో పక్క పిల్లాడికి మెనింగోకాకల్ అన్నారు, మా వాడి సంగతేంటి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, టౌన్లో హాస్టల్లో ఉంటాడు. వాడి గదిలోనే ఉండే పిల్లాడికి రాత్రికి రాత్రి జ్వరమొచ్చి ఐసీయూలో పెట్టారు. మెనింగోకాకల్ అన్నారట. హాస్టల్ వాళ్ళు దోమల మందు కొట్టించి, అందరికీ సెలవిచ్చి పంపేశారు. మా వాడు వచ్చి నాలుగు రోజులైంది, బాగానే ఉన్నాడు. ఇది మెదడువాపే కదా, టీకా వేయిస్తే సరిపోతుందా? ఇంట్లో అందరం వేయించుకోవాలా? పెద్దమ్మాయికి ఇరవై ఒకటి, ఆగస్టులో టెక్సస్‌కి చదువుకి వెళ్తోంది. అక్కడి కాలేజీ వాళ్ళూ ఇదే టీకా అడుగుతున్నారు."

అమ్మా, ముందు అర్జెంటు విషయం. మీ వాడు ఆ పిల్లాడి గదిలోనే పడుకున్నాడు కాబట్టి వాడికి ముందుజాగ్రత్త మందు పడాలి. టీకా కాదు, మందు. ఈ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి "మా వాడి గదిలో పిల్లాడికి మెనింగోకాకల్ అని తేలింది, నాలుగు రోజులైంది" అని ఈ మాటల్లోనే చెప్పండి. జబ్బు బయటపడిన 24 గంటల్లోపు ఇస్తే అన్నిటికన్నా మంచిది. రెండు వారాల్లోపు ఇచ్చినా ఉపయోగం ఉంటుంది. మీకు ఇంకా టైముంది, అలాగని రేపటికి వాయిదా వేయకండి. ఇంట్లో మిగతావాళ్ళెవరికీ ప్రస్తుతానికి ఏ మందూ అక్కర్లేదు. ఆ పిల్లాడితో కలిసి ఉన్నది మీ వాడు, మీరు కాదు.

ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం. నేను ఇరవై ఏడేళ్ళుగా ఈ గోదావరి డెల్టాలోనే పిల్లల డాక్టర్‌ని.

మన వైపు "మెదడువాపు" అనే ఒక్క మాటతోనే సగం చిక్కు వస్తోంది. ఆ మాట వినగానే జనానికి గుర్తొచ్చేవి పందులు, దోమలు. అది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. వరి చేలల్లో నిలిచిన నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ, పందుల్లోనూ కొంగల్లోనూ ఉండే వైరస్‌ని మనిషికి అంటిస్తుంది. ఊడ్పులయ్యాక వానాకాలంలో దాని భయం ఎక్కువ. అది మనిషి నుంచి మనిషికి రాదు. గదిలో ఒకరికి వస్తే పక్కవాడికి మందు వేయాల్సిన పనే లేదు.

మెనింగోకాకల్ అలా కాదు. ఇది నీసేరియా మెనింజైటిడిస్ అనే బాక్టీరియా. దీనికి దోమతో పని లేదు, పందితో పని లేదు, నీళ్ళతోనూ పని లేదు. మనిషి ముక్కు, గొంతు తప్ప దీనికి వేరే ఇల్లే లేదు. దగ్గు, తుమ్ము తుంపర్లతో, ఎంగిలితో పక్కవాడికి వెళ్తుంది. హాస్టల్ వాళ్ళు దోమల మందు కొట్టించడం తప్పేం కాదు, డెంగీకి కాస్త పనికొస్తుంది. ఈ జబ్బుకీ దానికీ మాత్రం మోకాలికీ బోడిగుండుకీ ఉన్నంత సంబంధం.

ఇంకో విచిత్రం. ఈ బాక్టీరియా ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరి గొంతులో ఇది ఊరికే కూర్చుని ఉంటుంది, ఇంటర్, డిగ్రీ వయసు పిల్లల్లో ఇంకా ఎక్కువ. కొన్నాళ్ళుండి దానంతటదే పోతుంది. ఎప్పుడో ఒకరిలో మాత్రం గొంతు దాటి రక్తంలోకి దిగుతుంది. కిక్కిరిసిన గదులు, అప్పుడే వచ్చి తగ్గిన ఫ్లూ, సిగరెట్ పొగ దానికి దారి ఇస్తాయి. తాగేవాడి పొగే కాదు, పక్కన కూర్చుని పీల్చేవాడి పొగ కూడా. ఇంట్లో తాతగారు చుట్ట కాలుస్తుంటే ఈ మాట ఆయన చెవిన కూడా వేయండి.

రక్తంలోకి దిగాక రెండు దారులు. మెదడు చుట్టూ ఉండే పొరలకి పాకితే మెనింజైటిస్. రక్తంలోనే పెరిగి ఒళ్ళంతా విషం చేస్తే సెప్టిసీమియా. చాలామందిలో రెండూ కలిసి వస్తాయి. నన్నడిగితే రెండోదే ఎక్కువ భయపెడుతుంది. ఎందుకో ఒక పిల్లాడి సంగతి చెప్తే మీకు అర్థమవుతుంది.

పదిహేనేళ్ళ కిందటి మాట. సంక్రాంతి వెళ్ళి నాలుగు రోజులైంది. ఉదయం తొమ్మిదిన్నరకి ఒక లంక గ్రామం నుంచి ఆరేళ్ళ పిల్లాడిని భుజాన వేసుకుని తండ్రి వచ్చాడు. "ఆయ్, రాత్రి అరిసెలు తిని పడుకున్నాడండి, బానే ఉన్నాడండి" అంటున్నాడు. మూడింటికి వణుకు, ఒక వాంతి. నాలుగింటికి కాళ్ళు పీకుతున్నాయని ఏడుపు. పండక్కి పగలంతా గంతులేశాడు కదా, అందుకే అనుకున్నారు. ఊళ్ళో ఆర్ఎంపీ జ్వరానికి ఒక ఇంజెక్షన్ చేశాడు. ఏడింటికి ఒంటి మీద చుక్కలు కనిపించాయి. నాయనమ్మ చూసి "అమ్మవారు పోసింది" అని ఒళ్ళంతా పసుపు రాసి, వేపాకుల మీద పడుకోబెట్టింది. ఆవిడని తప్పు పట్టను. తను పెంచిన పిల్లలందరికీ తట్టొస్తే అదే చేసింది, తగ్గింది. కానీ ఆ పసుపు కింద ఏం పెరుగుతోందో ఎవరికీ కనబడలేదు.

నేను చెయ్యేసేసరికి ఛాతీ కాలిపోతోంది, పాదాలు మాత్రం కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి, వీడికి ఐదు పట్టింది. తడి దూదితో పసుపు తుడిచాం. మొలతాడు నొక్కుకున్న చోట నడుం చుట్టూ వరసగా, తొడల మీద అక్కడక్కడ, నేరేడు పండు చిదిమి అంటించినట్టు ఊదా రంగు మరకలు. మా నర్సమ్మ ఒక మరక చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసింది. ఇరవై నిమిషాల్లో మరక ఆ గీత దాటింది. మెడ వంచి చూశాను, మెత్తగానే వంగింది. పిల్లాడు మాట్లాడుతున్నాడు కూడా.

సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ అక్కడికక్కడే వేసి, సెలైన్ ఎక్కిస్తూ 108లో పెద్దాసుపత్రికి పంపాం. బతికాడు. ఎడమ కాలివి రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది, ఎడమ చెవికి వినికిడి పూర్తిగా పోయింది. ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తున్నాడు. ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే.

దీని నుంచి మీరు పట్టుకోవాల్సింది టైము. రాత్రి అరిసెలు తిన్న పిల్లాడు, ఉదయానికి ఆ స్థితి. మొదటి నాలుగైదు గంటలు ఇది మామూలు వైరల్ జ్వరంలాగే ఉంటుంది, నాకు చూపించినా నేనూ పోల్చలేకపోవచ్చు. తర్వాత వచ్చే మూడు గుర్తులు చాలామందికి తెలియవు: ఒళ్ళు కాలుతున్నా చేతులు, పాదాలు చల్లబడటం, నడవలేనంత కాళ్ళ నొప్పులు, ఒంటి రంగు పాలిపోవడమో మచ్చలు మచ్చలుగా మారడమో. ఇవి సుమారు ఎనిమిది గంటలకే కనబడొచ్చు. అందరూ ఎదురుచూసే మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, మగతగా మాట్లాడటం చాలామందిలో పన్నెండు పదమూడు గంటలు దాటాకే వస్తాయి, కొందరిలో రావు. "మెడ పట్టలేదుగా" అని ధైర్యపడి ఇంట్లో ఉంచేస్తే ఉన్న టైమంతా అయిపోతుంది. 24 గంటల్లో ప్రాణం తీయగల జబ్బు ఇది. సరైన వైద్యం అందినా పదిమందిలో ఒకరు దక్కరు. మెనింజైటిస్‌కి వైద్యం అందకపోతే సగం మంది పోతారు. బతికినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి చెవుడో, ఫిట్సో, వేళ్ళు పోవడమో ఏదో ఒకటి మిగిలిపోతుంది.

చంటిపిల్లలైతే నోరు విప్పి చెప్పలేరు. పాలు తాగరు, ఎత్తుకుంటే ఊరుకోవాల్సింది పోయి ఇంకా ఏడుస్తారు, ఏడుపు సన్నగా కీచుమంటుంది, మాడు ఉబ్బుతుంది, గుడ్డలా వేలాడిపోతారు.

చుక్కల్ని చూడటానికి గాజు గ్లాసు పరీక్ష ఉంది. గాజుదే కావాలి. మన ఇళ్ళల్లో అన్నీ స్టీలు గ్లాసులే కదా, టీ కొట్టు గ్లాసైనా సరే. దాని పక్క భాగాన్ని చుక్క మీద పెట్టి గట్టిగా నొక్కి, గ్లాసులోంచి చూడండి. నొక్కినప్పుడు చుక్క మాయమైతే కొంత ఊరట. మాయం కాకుండా అలాగే కనబడితే చర్మం కింద రక్తం చిమ్మిందన్నమాట, వెంటనే బయల్దేరాలి. నల్లటి ఒంటి మీద ఈ చుక్కలు సరిగ్గా తెలియవు. అరిచేతులు, అరికాళ్ళు, కింది కనురెప్ప లోపల, నోట్లో అంగిలి మీద వెతకండి. బట్టల ఎలాస్టిక్, మొలతాడు నొక్కే చోట మర్చిపోకండి. జ్వరం ఉన్న పిల్లాడికి పసుపు పూయకండి, పూస్తే తుడిచి చూపించండి. చుక్కలు ఇంకా రాలేదని ఆగొద్దు, అవి ఆలస్యంగానూ వస్తాయి, అసలు రాకపోనూ వచ్చు.

"డెంగీలోనూ చుక్కలొస్తాయి కదా" అంటారు. వస్తాయి, గ్లాసు కింద మాయం కాని చుక్కలు డెంగీలోనూ వస్తాయి. తేడా ఏమిటంటే డెంగీలో అవి సాధారణంగా జ్వరం మొదలైన కొన్ని రోజులకి కనబడతాయి. జ్వరమొచ్చిన రోజే చుక్కలు, దానికితోడు చల్లటి పాదాలు ఉంటే బొప్పాయి ఆకు రసం, ప్లేట్‌లెట్ లెక్కల కోసం కూర్చోవద్దు. నిజానికి ఇంటి దగ్గర మీరు ఏ జబ్బో తేల్చాల్సిన పనే లేదు, రెండింటిలో ఏదైనా వెళ్ళాల్సింది ఆసుపత్రికే.

ఆసుపత్రిలో ఒక చోట బంధువులంతా అడ్డం పడతారు, దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. వెన్నులోంచి నీళ్ళు తీయాలి అనగానే "వద్దండి, కాళ్ళు పడిపోతాయంట" అంటారు. సంతకం పెట్టరు. పెద్దమామయ్య కాకినాడ నుంచి రావాలంటారు. ఆయన వచ్చేసరికి సాయంత్రం. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది, సూది గుచ్చేది దానికి కింద. అక్కడ సన్నటి నరాల పోగులు నీళ్ళలో తేలుతూ ఉంటాయి, సూది తగిలితే పక్కకి తప్పుకుంటాయి. అమ్మా, మీకు సిజేరియన్ అయ్యుంటే మత్తు ఇచ్చింది దాదాపు అక్కడే. మర్నాడు మీరు లేచి నడిచారు కదా! ఆ నీరు మామూలుగా మంచినీళ్ళలా తేటగా ఉంటుంది, ఈ జబ్బులో బియ్యం కడుగు నీళ్ళలా వస్తుంది. దాన్ని పరీక్షిస్తేనే ఇది మెనింగోకాకలా, న్యుమోకాకలా, టీబీయా, వైరసా అన్నది తేలుతుంది. ఏ మందు ఎన్నాళ్ళు ఇవ్వాలి, చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరికి మందు వేయాలి అన్నదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. పిల్లాడి పరిస్థితి బాగా లేకపోతే డాక్టర్లే ఆ పరీక్ష వాయిదా వేస్తారు. యాంటీబయాటిక్ మాత్రం దేని కోసమూ ఆగకూడదు, నీళ్ళు తీయడం కోసమూ, స్కానింగ్ కోసమూ.

ఇక ముందుజాగ్రత్త మందు ఎవరికి? ఆ లంక పిల్లాడి విషయంలో మర్నాటికి ఊరు ఊరంతా మా క్లినిక్ ముందుంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు, ఆటోవాడు, బళ్ళో పంతులమ్మ, ఆఖరికి పాలు పోసే ఆయన. మందు ఇచ్చింది ఆరుగురికి: ఇంట్లో ఐదుగురు, సెలవులకొచ్చి వాడి పక్కనే పడుకున్న మేనత్త కొడుకు. జబ్బు బయటపడడానికి ముందు వారం రోజుల్లో ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉన్నవాళ్ళు, గంటల తరబడి పక్కపక్కనే గడిపినవాళ్ళు, ముద్దులాడినవాళ్ళు, వీళ్ళే లెక్క. ఒకే క్లాసులో కూర్చున్నంత మాత్రాన సాధారణంగా అక్కర్లేదు. ఒకే మెస్‌లో తిన్నంత మాత్రానా అక్కర్లేదు. మన హాస్టళ్ళలో ముప్పైమందిని ఒకే హాల్లో పక్కకి పక్క వేసి పడుకోబెడతారు చూడండి, అక్కడ మాత్రం ఆ హాలంతా లెక్కలోకి వస్తుందని నా ఉద్దేశం. డాక్టర్లు, నర్సుల్లో కూడా గొంతులో గొట్టం వేసినప్పుడు తుంపర్లు మీద పడినవాళ్ళకే.

ఏ మందు అన్నది మీ డాక్టర్ నిర్ణయించాలి. రిఫాంపిసిన్ రోజుకి రెండుసార్లు చొప్పున రెండు రోజులు, లేదా సెఫ్ట్రియాక్సోన్ ఒక్క ఇంజెక్షన్, లేదా పెద్దవాళ్ళకి సిప్రోఫ్లోక్సాసిన్ ఒక్క మాత్ర. గర్భిణులకైతే ఇంజెక్షనే. సిప్రో ఒక్క మాత్రేగా, మెడికల్ షాపులో తెచ్చి వేసేద్దాం అనుకుంటారేమో. ఢిల్లీలో 2005లో ఈ జబ్బు చెలరేగినప్పుడు సిప్రోకి లొంగని బాక్టీరియా దొరికింది. కాబట్టి సొంత వైద్యం వద్దు. రిఫాంపిసిన్ రాస్తే మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడకండి. ఈ మందు పని గొంతులో దాక్కున్న బాక్టీరియాని తుడిచేయడం. పరుపులు తగలబెట్టడం, వాటర్ ట్యాంకులో బ్లీచింగ్ గుమ్మరించడం ఏమీ అక్కర్లేదు, ఒంటి బయట అది ఎక్కువసేపు బతకదు.

టీకా సంగతి. ఇప్పటి ముప్పుకి టీకా ఆదుకోదు. వేయించుకున్నాక పని మొదలవడానికి పది రోజులు, రెండు వారాలు పడుతుంది. జబ్బు చేసిన పిల్లాడికి సోకింది ఈ బాక్టీరియాలో ఏ రకమో తేలాక, అది టీకాకి లొంగే రకమైతే మందుతోపాటు టీకా కూడా వేయమని డాక్టర్ చెప్పొచ్చు. మన దగ్గర దొరికేది ఏ, సీ, వై, డబ్ల్యూ అనే నాలుగు రకాల మీద పనిచేసే టీకా. బీ రకానికి వేరే టీకా ఉంటుంది. ప్రభుత్వం పిల్లలందరికీ ఉచితంగా వేసే పట్టికలో ఈ నాలుగు రకాల టీకా లేదు, ప్రైవేటులో ఖరీదు వేలల్లో ఉంటుంది. ఊళ్ళో పిల్లలందరికీ వేయించమని నేను చెప్పను. ఆ డబ్బు చేతిలో ఉంటే ముందు పట్టికలో ఉన్న ఉచిత టీకాలన్నీ సక్రమంగా పడ్డాయో లేదో చూసుకోండి. అందులోని పెంటావాలెంట్, న్యుమోకాకల్ టీకాలు కూడా మెనింజైటిస్ తెచ్చే ఇంకో రెండు బాక్టీరియాలని ఆపేవే. 2027లో గోదావరి పుష్కరాలకి వెళ్ళేవాళ్ళు వేయించుకోవాలా అని అప్పుడే కొందరు అడుగుతున్నారు. ఇప్పటికైతే అక్కర్లేదు.

తప్పనిసరిగా కావాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. ప్లీహం (కడుపులో ఎడమ పక్కనుండే స్ప్లీన్) తీసేసినవాళ్ళు మొదటి వరస. కోనసీమలో ఇది చిన్న సంగతి కాదు. కొబ్బరి దింపు కార్మికులు, కల్లు గీసేవాళ్ళు చెట్టు మీంచి పడితే ప్లీహం చిట్లి, తీసేయాల్సి వస్తుంది. ప్రాణం దక్కిందని ఇంటికొచ్చేస్తారు, టీకా మాట ఎవరూ ఎత్తరు. మీ ఊళ్ళో అలాంటివాళ్ళుంటే ఈ సంగతి చెప్పండి. వాళ్ళకి రెండు డోసులు, ఐదేళ్ళకోసారి బూస్టర్, న్యుమోకాకల్ టీకా కూడా కావాలి. సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళదీ ఇదే లెక్క, వాళ్ళ ప్లీహం ఉన్నా పని చేయదు. తర్వాత హజ్, ఉమ్రా యాత్రికులు. 2000లో హజ్‌లో డబ్ల్యూ రకం చెలరేగి యాత్రికులతోపాటు చాలా దేశాలకి వెళ్ళింది, ఆ తర్వాత సౌదీ ఈ నాలుగు రకాల టీకాని తప్పనిసరి చేసింది. అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి.

మీ అమ్మాయి విషయానికొస్తే, టెక్సస్ రాష్ట్రంలో 22 ఏళ్ళలోపు వాళ్ళు కాలేజీలో చేరాలంటే ఈ టీకా ఉండాలన్నది చట్టం. గత ఐదేళ్ళలో వేయించుకున్నదై ఉండాలి, సెమిస్టర్ మొదలవడానికి కనీసం పది రోజుల ముందు పడి ఉండాలి. ఎమ్మెస్‌కి వెళ్ళే మన పిల్లల్లో చాలామందికి 22 దాటిపోతుంది కాబట్టి వాళ్ళ సీనియర్లు "మమ్మల్నెవరూ అడగలేదే" అంటారు. మీ అమ్మాయికి ఇరవై ఒకటే కదా, వాళ్ళ మాట పట్టుకోవద్దు. జూలై మొదట్లోనే ఒక డోసు వేయించేయండి. సర్టిఫికెట్‌లో టీకా పేరు, తేదీ, డాక్టర్ సంతకం, స్టాంపు ఉండాలి. నెలని అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాయించండి. మనం 05-07 అని రాస్తే జూలై 5, అమెరికా వాళ్ళు చదివితే మే 7. మా మేనకోడలు ఈ తికమకతో రిజిస్ట్రేషన్ ఆగిపోయి రెండు వారాలు ఈమెయిళ్ళు రాస్తూ కూర్చుంది. బీ రకం టీకా గురించి ఆ యూనివర్సిటీ ఏమైనా చెప్తే అక్కడికెళ్ళాక చూసుకోవచ్చు.

మళ్ళీ మీ వాడి దగ్గరికే వస్తాను. ఈ బాక్టీరియా ఒంట్లో పడ్డాక జబ్బు బయటపడడానికి రెండు నుంచి పది రోజులు, ఎక్కువగా మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇవాళ మందు వేసినా సరే, ఇంకో ఆరు రోజులు కళ్ళల్లో పెట్టుకుని చూడండి. వాడిని మీ గదిలోనే పడుకోబెట్టండి. ఏ రాత్రైనా జ్వరం, వాంతి మొదలైతే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, ఆర్ఎంపీ దగ్గర ఆగొద్దు. 108కి ఫోన్ చేసి "మెనింగోకాకల్ కాంటాక్ట్" అనే రెండు మాటలు ముందు చెప్పండి, ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మళ్ళీ అవే చెప్పండి. రాత్రిపూట నర్సాపురం పంటు (గోదావరి దాటించే పడవ) మీద ఆశ పెట్టుకోకండి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపు వెళ్ళాలో, రాజోలు మీదుగా అమలాపురం వెళ్ళాలో, ఐసీయూ ఎక్కడుందో పగటిపూటే కనుక్కుని ఫోన్ నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి. డాక్టర్ ఏ మందు వేశారో ఇక్కడే కింద రాయండి, చూస్తాను.